చెక్క మోగితే

రాజుగారి గుమాస్తా జెర్విస్ పెల్ వైద్యశాల గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి ఫాదర్ థర్‌స్టన్ చేతిలో బార్లీ గంజి గిన్నె ఉంది. అంగీ చేతి మడతలో, ఎవరికీ కనబడకుండా, సగం రొట్టె ఉంది.

గంజి మంచం మీది ముసలాయనకి. రొట్టె గావెన్‌కి. ఆ రొట్టె పెల్ కంట పడితే గావెన్ మెడకి ఉరితాడు పడుతుంది.

"మీరు కానివ్వండి ఫాదర్," అన్నాడు పెల్ దగ్గుతూ. "గదిలో ఉన్నవి రాసుకుని నా దారిన నేను పోతాను."

స్కెల్‌బెక్ మఠానికి రాజుగారి మనుషులు వచ్చి మూడు రోజులైంది. రాజు ఆజ్ఞతో దేశంలో మఠాలన్నీ ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. యార్క్‌షైర్ కొండల మధ్య నాలుగు వందల ఏళ్ళుగా నిలబడ్డ ఈ మఠంలో ఇప్పుడు మిగిలింది పన్నెండు మంది సన్యాసులు. వచ్చిన కమిషనర్ సర్ మైల్స్‌కి కావలసినవి రెండే. ఒకటి, మఠాన్ని రాజుకి అప్పగిస్తూ అందరూ పెట్టే సంతకాలు. రెండోది, ఆ పన్నెండు మందిలో ఒకడైన గావెన్.

రెండేళ్ళ క్రితం ఉత్తరాది జనం రాజు మీద తిరగబడ్డప్పుడు, లోయలోని రైతుల్ని పోగుచెయ్యడానికి ఈ మఠం పెద్దగంట కొట్టింది గావెనే. అప్పట్లో అందరికీ క్షమాభిక్ష అన్నారు. ఇప్పుడు గంటలు కొట్టినవాళ్ళ పేర్ల జాబితా పట్టుకుని తిరుగుతున్నారు.

"వాడు పోయిన వారమే స్కాట్లాండ్ పారిపోయాడు," అని మఠాధిపతి చెప్పాడు. సర్ మైల్స్ నమ్మినట్టు తల ఊపాడు. పెల్ నమ్మలేదు. అతను మొదటి రోజే వంటింట్లోకి వెళ్ళి, కడిగి బోర్లించిన గిన్నెలు లెక్కపెట్టాడు. పదకొండు మందికి పన్నెండు గిన్నెలు. అప్పటినుంచి కప్పుల మీదా, కాలవల్లోనూ, చివరికి సమాధి రాళ్ళ కింద కూడా వెతికించాడు. గావెన్ దొరకలేదు.

"మంచాలు ఆరు," పెల్ రాసుకుంటున్నాడు. "దుప్పట్లు తొమ్మిది, రెండు చిరుగులు. ఇత్తడి కుండ ఒకటి..." మళ్ళీ దగ్గు తెర వచ్చింది. ఈసారి గోడ పట్టుకున్నాడు.

థర్‌స్టన్ ముప్పై ఏళ్ళుగా ఆ వైద్యశాల చూసుకుంటున్న మనిషి. ఎదురుగా ఉన్నవాడు శత్రువని బుర్రకి తెలుసు, చేతులకి తెలియదు. అవి లేచి అల్మరా తీసి, తేనెలో నానిన ఆకు కషాయం గిన్నెలో పోసి అందించాయి.

"మీ అమ్మ ఎప్పుడూ గుండెకి ఉన్ని కట్టుకోమనలేదా?" అన్నాడు.

"అంది. నేనే వినలేదు." పెల్ తాగి, కళ్ళు తుడుచుకుని, మొదటిసారి నవ్వాడు. "లండన్‌లో ఇంత మంచి మందు దొరకదు ఫాదర్. దీన్ని మాత్రం రాసుకోను, మీరే ఉంచుకోండి."

వెళ్తూ వెళ్తూ బయటి నడవాలో, గుమ్మం పక్కన ఆగాడు. అక్కడ గోడకి ఒక ఓక్ చెక్క వేలాడుతోంది. మూరెడు పొడవు, మధ్యలో దెబ్బలు తిని గుంటపడింది. పక్కనే కొయ్యసుత్తి.

"ఇది కట్టెల్లో రాసుకోనా?"

థర్‌స్టన్‌కి ఎక్కడో చురుక్కుమంది. "అది కట్టె కాదు," అన్నాడు.

"మరి?"

"మాలో ఎవరికైనా ఆఖరి ఘడియ వస్తే నేల మీద సిలువ ఆకారంలో బూడిద పోసి, గోనెపట్ట పరిచి, మనిషిని దాని మీదకి దించుతాం. అప్పుడు ఈ చెక్క కొడతాం. వినగానే ఎక్కడివాళ్ళక్కడ చేతిలో పని వదిలేసి, విశ్వాస ప్రమాణం అనే ప్రార్థన చదువుకుంటూ పరుగెత్తి రావాలి. మా నియమంలో పరుగు లేదు బాబూ. ఇల్లు అంటుకున్నప్పుడూ, మనిషి పోతున్నప్పుడూ తప్ప."

"అందరూనా?"

"అందరూ."

"అధిపతిగారు కూడా?"

"ఆయన అందరికంటే ముందు."

"శిక్షపడి కొట్లో ఉన్నవాడైతే?"

"వాడికీ తలుపు తీస్తాం." థర్‌స్టన్ మొహం వెలిగింది. రెండేళ్ళుగా మఠాల గురించి ఎవరు ఏం మాట్లాడినా వెటకారమే. ఇదిగో, ఒకడు సరిగ్గా అడుగుతున్నాడు, వింటున్నాడు. "నా కళ్ళతో చూశాను. మా బ్రదర్ ఒకాయన నిచ్చెన ఎక్కి కప్పు బాగుచేస్తున్నాడు. చెక్క మోగింది. దిగే ఓపిక లేక దూకేశాడు. కాలు విరిగింది. పాక్కుంటూ వచ్చాడు. ఎందుకు దూకావయ్యా అంటే, నేను దూకలేదు, కాళ్ళే దూకాయి అన్నాడు."

పెల్ కలం కాగితం మీద ఆగింది.

"మంచి ఆచారం," అన్నాడు. తర్వాత రాసుకున్నాడు. చెక్క ఒకటి, సుత్తి ఒకటి.

*

గావెన్ ఉన్నది ఎవరూ వెతకని చోట. ఎందుకు వెతకరంటే, ఆ గది తలుపుకి లక్క పోసి రాజముద్ర వేసింది పెల్లే.

ఈ ఏడాది గొర్రెల నుంచి కోసిన ఉన్ని అంతా గిడ్డంగిలో బేళ్ళు కట్టి ఉంది. శుక్రవారం పొద్దున అది బళ్ళెక్కి రేవుకి పోవాలి. గిడ్డంగికీ గుర్రాల కొట్టానికీ మధ్య చెక్కగోడ. అందులో ఒక పలక వదులు చేసి, బేళ్ళ మధ్యలో మనిషి పట్టేంత గూడు కట్టాడు బండివాడు హాబ్. శుక్రవారం దాకా గావెన్ కదలకుండా ఉంటే చాలు. ఆ బేళ్ళతోనే రేవుకి, రేవులోంచి పడవలో స్కాట్లాండ్‌కి.

మధ్యాహ్నం రాజుగారి మనుషులు భోజనాల్లో ఉండగా థర్‌స్టన్ కొట్టంలోకి వెళ్ళాడు. హాబ్ గుర్రానికి నాడా చూస్తున్నట్టు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు.

"తొందరగా తెమల్చండి ఫాదర్. కమిషనర్‌గారి గుర్రాన్ని కూడా ఇక్కడే కట్టేశారు. అది మనల్నే చూస్తోంది."

"గుర్రం చెబుతుందా?"

"దొరగారి గుర్రం కదండీ. చెప్పినా చెబుతుంది."

థర్‌స్టన్ పలక జరిపి రొట్టె లోపలికి తోశాడు. చీకట్లోంచి చెయ్యి వచ్చి అందుకుంది.

"ఎలా ఉన్నాడు?" గావెన్ గొంతు.

"నాలుగు చెంచాలు తాగాడు."

"నా సంగతేమన్నా అడిగాడా?"

"గంట ఎవడో గాడిద కొడుతున్నాడు, గావెన్‌ని పిలవండి అన్నాడు. ఆ గాడిదని నేనే."

లోపల చిన్న నవ్వు. పదిహేడేళ్ళకి ఈ మఠానికి వచ్చినప్పుడు గావెన్‌కి అక్షరం ముక్క రాదు. ఇప్పుడు వైద్యశాలలో మంచం మీదున్న ఫాదర్ నినియనే అప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని కీర్తనలు ఒక్కొక్కటే నేర్పాడు. గావెన్‌కి విషజ్వరం వచ్చిన నెలంతా పక్కనుంచి లేవలేదు. అది జరిగి పంతొమ్మిదేళ్ళు. ఇప్పుడు నినియన్‌కి ఎనభై నాలుగు. రోజుకి ఇంత చొప్పున ఆరిపోతున్నాడు.

"ఫాదర్, శుక్రవారం లోపు ఆయనకేమన్నా అయితే?"

"ఏమీ కాదు."

"అయితే?"

థర్‌స్టన్ రాత్రంతా ఆలోచించింది అదే. చివరికి చెప్పాడు. "చెక్క కొట్టను."

పలక సందులో గావెన్ కళ్ళు కనిపించాయి.

"కొట్టకుండా ఎలా ఫాదర్? ఎనభై నాలుగేళ్ళ మనిషి. ఎంతమంది చావుకి పరుగెత్తి వచ్చాడాయన. ఆయన చావుకి ఎవరూ రాకుండానా?"

"నేనుంటాను. నేనొక్కణ్ణే కూర్చుని చదువుతాను. ఆ పాపం నా ఖాతాలో పడనీ. ఒరే, చెక్క మోగితే నువ్వు ఆగగలవా?"

గావెన్ ఆలోచించాడు. అబద్ధం చెప్పడం ఎన్నడూ చేతకాని మనిషి.

"తెలీదు," అన్నాడు.

"నాకు తెలుసు. అందుకే కొట్టను."

*

గురువారం ఆకాశం తేటగా ఉంది. నినియన్‌కి కూడా కాస్త తేటగానే ఉంది. దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. థర్‌స్టన్ గంజి పడుతున్నాడు. అయిదో చెంచా. నిన్నటికంటే ఒకటి ఎక్కువ. శుక్రవారం పొద్దుటికి ఇంకా పద్దెనిమిది గంటలు. గడిచిపోతాయి అనుకున్నాడు థర్‌స్టన్.

టక్. టక్. టక్.

చెంచా గాల్లో ఆగిపోయింది.

టక్ టక్ టక్ టక్. చెక్క మోగుతోంది. సందేహం లేదు. గోడకవతలే, నడవాలో, ఎవరో గట్టిగా, వేగంగా కొడుతున్నారు.

నినియన్ థర్‌స్టన్ మొహంలోకి చూశాడు. "ఎవరికి?" అని అడిగాడు. తర్వాత తన చేతుల వంక చూసుకున్నాడు. "నాకేనా?"

"మీకు కాదు ఫాదర్. ఎవరికీ కాదు."

ఆ మాట అంటుండగానే అర్థమైంది. మఠం మొత్తంలో చావబోయే మనిషి ఒక్కడే. ఆ మనిషి ఎదురుగా గంజి తాగుతున్నాడు. ఈ సంగతి తెలిసిన మనిషి కూడా లోకంలో ఒక్కడే. ఆ ఒక్కడూ తనే.

గిన్నె ఎక్కడ పడిందో చూసుకోలేదు. బయటికి ఉరికాడు.

నడవాలో పెల్ నిలబడి ఉన్నాడు. సుత్తి చేతిలో ఉంది. ఒళ్ళు దాచుకోకుండా, కానీ కోపం లేకుండా, చెప్పిన పని చేసే కూలివాడిలా కొడుతున్నాడు. థర్‌స్టన్ ఆ చెయ్యి పట్టుకోబోయాడు. వెనకనుంచి ఎవడో భటుడు అతని రెండు భుజాలూ పట్టి గోడకి అదిమాడు.

సన్యాసులు వచ్చేస్తున్నారు. తోటలోంచి ఒకరు, చేతులకి మట్టి. వంటింట్లోంచి ఇద్దరు. మెట్ల మీంచి అధిపతి, అరవై ఏళ్ళ మనిషి, అంగీ మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని. అందరి పెదవుల మీదా విశ్వాస ప్రమాణం. అందరి కళ్ళూ వైద్యశాల గుమ్మం మీదే.

"ఆగండి," అని అరిచాడు థర్‌స్టన్. "అబద్ధం. ఎవరూ పోవడం లేదు. ఆగండి."

ఆ మఠంలో అరుపు ఎవరూ ఎరగరు. అది ఎవరిదో, దేనికో వాళ్ళకి పట్టలేదు. చెక్క మోగుతోంది, అంతే. ఒక్కొక్కరే అతని ముందునుంచి పరుగెత్తి గుమ్మంలోకి దూరారు.

థర్‌స్టన్ కొట్టం వైపు చూశాడు. ఆవరణకి ఆ చివర, తలుపు మూసే ఉంది. ఆగు, అనుకున్నాడు. ఒరే గావెన్, నిన్ననే చెప్పాను కదరా కొట్టనని. నేను కొట్టనంటే కొట్టను. ఇది నేను కాదు. ఆలోచించు. ఆ కాళ్ళని పట్టుకో.

టక్ టక్ టక్ టక్.

తలుపు తెరుచుకుంది.

గావెన్ ఆవరణ మధ్యలో పరుగెత్తుతున్నాడు. తల నిండా తెల్లటి ఉన్ని. గడ్డంలో ఉన్ని. నల్లటి అంగీ భుజాల మీద ఉన్ని. మూడు రోజులు ముడుచుకుని కూర్చున్న కాళ్ళు తడబడుతున్నాయి. అయినా పరుగెత్తుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. కొట్టం గుమ్మంలో హాబ్ రెండు చేతులూ చాచి, పట్టుకోబోయి పట్టుకోలేక, అలాగే నిలబడిపోయాడు.

సగం దూరం వచ్చాక గావెన్‌కి థర్‌స్టన్ కనిపించాడు, గోడకి అదిమిపెట్టి. పక్కన సుత్తితో పెల్ కనిపించాడు. గావెన్ ఆగాడు. వెనక్కి తిరగలేదు. తిరగడానికి అప్పటికే చోటు లేదు. నాలుగు వైపులనుంచీ భటులు నడుచుకుంటూ వచ్చారు. పరుగెత్తాల్సిన పని వాళ్ళకి లేదు.

పెల్ సుత్తిని తీసినచోటే తగిలించాడు. చెయ్యి నొప్పి పుట్టినట్టు వేళ్ళు విదిల్చుకున్నాడు.

"నన్ను తిట్టుకోకండి ఫాదర్," అన్నాడు. "మీరు చెప్పింది నిజమా కాదా అని చూశాను. నిజమే."

*

గావెన్ ఒక్కటే అడిగాడు. ముసలాయన్ని చూస్తానన్నాడు. సర్ మైల్స్ కాదనలేదు. వెతుకులాట ముగిసిందన్న సంతోషంలో ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టి లోపలికి తెచ్చారు.

మంచం చుట్టూ సన్యాసులు నిలబడి ఉన్నారు. ఎవరికీ ఏం చెయ్యాలో తెలియడం లేదు. చావు కోసం వచ్చారు, చావు లేదు. నినియన్ అందర్నీ దాటుకుని గావెన్‌ని చూశాడు. చేత్తో సైగ చేసి దగ్గరకు పిలిచి, అతని జుట్టులోంచి ఉన్ని ముక్క ఒకటి తీశాడు.

"కోత అయిపోయిందా?"

"అయిపోయింది ఫాదర్."

"బాగా వచ్చిందా ఈ ఏడు?"

"బాగా వచ్చింది."

"మరి గంట ఎవరు కొడుతున్నారు?"

గావెన్ థర్‌స్టన్ వైపు చూశాడు. ఆ చూపులో నింద లేదు. అందుకే థర్‌స్టన్ తట్టుకోలేకపోయాడు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

శుక్రవారం పొద్దున అనుకున్నట్టే బళ్ళు బయల్దేరాయి. అనుకున్నట్టే గావెన్ ఉన్ని బేళ్ళతో వెళ్ళాడు. బేళ్ళ మధ్యలో కాదు, పైన, అందరికీ కనబడేట్టు, తాళ్ళతో కట్టి. రేవుకి కాదు, యార్క్‌కి. ఆ బండి హాబ్ చేతే తోలించారు.

హాబ్ పగ్గాలు సర్దుకుంటూ థర్‌స్టన్‌ని దగ్గరకి పిలిచాడు. "బుధవారం గుమాస్తాతో ఏదో చెబుతున్నారట నడవాలో. మా వంటవాడు విన్నాడు."

థర్‌స్టన్ తల ఊపాడు.

"నలభై ఏళ్ళు నోరు మూసుకోవడమే కదండీ మీరు ఇక్కడ నేర్చుకున్నది," అన్నాడు హాబ్. గొంతులో కోపం కూడా లేదు. "ఆ ఒక్క పూటకి ఏమొచ్చింది?"

థర్‌స్టన్ మనసులో తడుముకున్నాడు. తేనె కషాయం తాగి నవ్వాడు, బాగా అడిగాడు, అందుకు చెప్పాను. ఇది జవాబా? బండి కదిలింది. గావెన్ ఏదో చదువుకుంటున్నాడు. చక్రాల చప్పుడులో వినిపించలేదు.

*

రాజద్రోహిని దాచిన మఠానికి బేరం ఆడే నోరుండదు. అంతవరకు చలికాలం గడువైనా ఇవ్వమని బతిమాలుతున్న అధిపతిని సర్ మైల్స్ కూర్చోబెట్టి, మర్యాదగానే రెండు దారులు చెప్పాడు. శనివారం అందరూ సంతకాలు పెట్టాలి. లేదా గావెన్ పక్కన ఇంకో తాడు సిద్ధం చేస్తారు.

శుక్రవారం సాయంత్రానికే గుడి కప్పు మీద మనుషులెక్కారు. సీసం రేకులు ఊడదీసి కిందపడేస్తున్నారు. గుడి మధ్యలో కొలిమి పెట్టి అక్కడే కరిగిస్తున్నారు. కొలిమిలోకి కట్టెలు ఎక్కడివంటే, సన్యాసులు నాలుగు వందల ఏళ్ళుగా నిలబడి కీర్తనలు పాడిన ఓక్ పీఠాలు.

శనివారం పొద్దున నినియన్ ఊపిరి మారింది. థర్‌స్టన్‌కి ఆ చప్పుడు బాగా తెలుసు. ఇంక గంట, గంటన్నర. యార్క్‌నుంచి అప్పుడే తిరిగొచ్చిన హాబ్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "ఉరి సోమవారం," అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

"కాస్త బూడిద తెచ్చిపెడతావా?" అన్నాడు థర్‌స్టన్.

హాబ్ గుడిలోకి వెళ్ళి కొలిమి దగ్గరనుంచి బుట్టెడు తెచ్చాడు. ఇంకా వెచ్చగా ఉంది. సిలువ ఆకారంలో పోసి, గోనెపట్ట పరిచి, ఇద్దరూ ముసలాయన్ని ఎత్తి దాని మీద పడుకోబెట్టారు. పక్షిలా తేలిగ్గా ఉన్నాడు. నేల తగలగానే నినియన్ కళ్ళు తెరిచాడు. బూడిద చూశాడు. అర్థమైనట్టు, ఇక అంతా సవ్యంగానే ఉందన్నట్టు, తల గుమ్మం వైపు తిప్పుకుని ఎదురుచూడసాగాడు.

ఇప్పుడు చెక్క కొట్టకూడదనడానికి కారణమేదీ మిగల్లేదు. కాపాడవలసినవాడు ఎవరూ లేరు.

"ఈయన్ని చూస్తూ ఉండు," అని హాబ్‌తో చెప్పి, థర్‌స్టన్ నడవాలోకి వచ్చి సుత్తి అందుకున్నాడు.

టక్. టక్. టక్. టక్.

నడవాకి ఆ వైపున సభామందిరం. దానికి తలుపుల్లేవు, తోరణాలే. లోపల జరిగేదంతా కనిపిస్తోంది. బల్ల వెనక సర్ మైల్స్, పక్కన పెల్, ముందు వరసగా తొమ్మిది మంది సన్యాసులు. అధిపతి వంగి సంతకం పెడుతున్నాడు.

తొమ్మిది వీపులూ ఒక్కసారి బిగుసుకున్నాయి. థర్‌స్టన్ చూశాడు. ఒకాయన మడమ నేల మీంచి లేచింది. లేచి, మళ్ళీ కిందికి దిగింది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ కలిసి పెల్ వైపు చూశారు.

పెల్ రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూపించాడు.

"ఈసారి నేను కాదండీ," అన్నాడు. "నేనిక్కడే ఉన్నాను."

అయినా ఎవరూ కదల్లేదు. థర్‌స్టన్ కొడుతూనే ఉన్నాడు. మణికట్టు నొప్పి పుట్టేదాకా కొట్టాడు. రండి, నిజంగానే, ఈసారి నిజంగానే. చెక్క ఎప్పటిలాగే మోగింది. గురువారం ఎలా మోగిందో సరిగ్గా అలాగే.

"తర్వాత ఎవరు?" అన్నాడు సర్ మైల్స్.

రెండో ఆయన ముందుకు జరిగి కలం అందుకున్నాడు.

థర్‌స్టన్ సుత్తి వదిలేసి లోపలికి పరుగెత్తాడు. వాకిట్లోంచే తెలిసిపోయింది. హాబ్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

"మీరు కొట్టడం మొదలెట్టినప్పుడు కళ్ళు పెద్దవి చేశాడు," అన్నాడు హాబ్. "గుమ్మం వైపే చూశాడు. చాలాసేపే చూశాడండీ."

థర్‌స్టన్ గోనెపట్ట పక్కన మోకాళ్ళ మీద కూలబడి, ఒక్కడే విశ్వాస ప్రమాణం మొదలుపెట్టాడు. సగానికి వచ్చాక బయట నడవాలో అడుగుల చప్పుడు వినిపించింది. చాలా అడుగులు. నడక.

అధిపతి గుమ్మంలో ఆగాడు. వేళ్ళకి సిరా ఇంకా ఆరలేదు. వెనక మిగతావాళ్ళు మెడలు చాచి ఆయన భుజాల మీంచి చూస్తున్నారు. గడప దాటడానికి ముందు ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"నిజమేనా?"